ఎడ్వర్డు మైనర్ గాలడెట్

చెవులు వినబడనివారు విద్య కర్హులు కారని లోకము చిరకాలము నమ్మియుండెను. వారికి అక్షరములు నేర్పుటయే గొప్పకార్యమని యెంచు దినములలో, వారు కళాశాలలో చదివి పట్టము లందుకొనవలెనని తలపోసి, ఆ తలపును నెరవేర్చినవాడు ఎడ్వర్డు మైనర్ గాలడెట్.

ఆయన 1837వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని హార్ట్‌ఫర్డ్ నగరమున జన్మించెను. తండ్రి థామస్ హాప్కిన్స్ గాలడెట్ 1817లో ఆ నగరముననే బధిరులకొఱకు పాఠశాలను నెలకొల్పినవారిలో ముఖ్యుడు. తల్లి సోఫియా ఫౌలర్ పుట్టుకతోనే చెవిటిది. పందొమ్మిదవయేట ఆ పాఠశాలలో చేరువఱకు ఆమె యెట్టి చదువు నెఱుగదు. అచ్చట విద్య నేర్చి, 1821లో తన గురువునే వివాహమాడెను. వారి యెనమండుగురు బిడ్డలలో ఎడ్వర్డు కడగొట్టువాడు. ఆయనకు చెవులు చక్కగా వినబడుచుండెను. అయినను తల్లితో ముచ్చటింపవలెనన్న చేతులే సాధనము. కావున ఇంగ్లీషుతోపాటు సంజ్ఞాభాషయు ఆయనకు పసితనముననే అలవడెను. ఆ భాషలో సుఖదుఃఖములేగాక సూక్ష్మవిషయములను సైతము చెప్పుకొనవచ్చునని ఆయన యే పుస్తకమువలనను తెలిసికొనలేదు, తల్లివలన తెలిసికొనెను.

పదునాలుగవయేట తండ్రి గతించెను. ఎడ్వర్డు కొంతకాలము బ్యాంకులో పనిచేసెను. పిదప కళాశాలలో చదువుచునే తండ్రి స్థాపించిన పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను.

ఆ కాలమున వాషింగ్టన్ నగరమున నొక చిత్రమైన సంగతి జరిగెను. ఒకడు కొందఱు బధిరబాలురను, అంధబాలురను వెంటబెట్టుకొని వచ్చి, వారికి బడి పెట్టెదనని చెప్పి చందాలు దండుచుండెను. కాని ఆ పిల్లలకు తిండియు, సంరక్షణయు కఱవయ్యెను. పూర్వము తపాలాశాఖ మంత్రిగా నుండిన ఆమోస్ కెండాల్ ఈ సంగతి నెఱిగి, న్యాయస్థానము ద్వారా పిల్లలను విడిపించి, తన యిల్లును, రెండెకరముల స్థలమును వారి విద్యకై దానమిచ్చెను. 1857లో అమెరికా కాంగ్రెసు ఆ పాఠశాలను చట్టబద్ధము చేసెను. దానికి అధికారిగా కెండాల్ ఎడ్వర్డును పిలిపించెను. అప్పటి కాయన వయస్సు ఇరువదేండ్లు మాత్రమే! ఈ పాఠశాల ఒకనాటికి కళాశాల కావలెనని ఆయన కెండాల్‌తో ముందుగనే చెప్పెను. తల్లి సోఫియా కూడ కుమారునితో వచ్చి, పిల్లల వసతిగృహమునకు పెద్దదిక్కై నిలిచెను. చెవిటివారికి చదువబ్బునా యని సందేహించువారి కామెకంటె మంచి సమాధానము వేఱొకటి లేకుండెను.

ఏడేండ్లు గడచెను. దేశమంతయు అంతర్యుద్ధమున మునిగియుండెను. అట్టి సమయమున బధిరులకు పట్టము లిచ్చు అధికారము కావలెనని అడుగుటకు ఎంత ధైర్యము వలయునో ఊహింపుడు. ఎడ్వర్డు అడిగెను, కాంగ్రెసు అంగీకరించెను. 1864 ఏప్రిల్ 8వ తేదీన అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ఆ చట్టముపై సంతకము చేసెను. ప్రపంచమున బధిరుల కేర్పడిన మొదటి కళాశాల యిదియే. ఎడ్వర్డు దాని కధ్యక్షుడయ్యెను. 1869లో మువ్వురు విద్యార్థులు చదువు ముగించి పట్టము లందుకొనిరి. వానిపై సంతకము చేసినది అమెరికా అధ్యక్షుడు గ్రాంట్.

కళాశాలను స్థాపించుటకంటె దాని భాషను నిలుపుకొనుట కష్టమయ్యెను. 1880లో ఇటలీలోని మిలాను నగరమున బధిరవిద్యాబోధకుల మహాసభ జరిగెను. సంజ్ఞలను విడనాడి, పెదవుల కదలికను చూచి గ్రహించుటయు, నోటితో పలుకుటయు నేర్పవలెనని సభవారు తీర్మానించిరి. ఎవరి చదువునుగూర్చి యీ తీర్మానమో వారిలో ఒక్కడే ఆ సభలో ప్రతినిధి. ఎడ్వర్డును, ఆయన సోదరుడును, మఱి కొలదిమందియు ఎదిరించిరిగాని వారి మాట చెల్లలేదు. ఆపై ఐరోపాలోని పెక్కు పాఠశాలలలో సంజ్ఞలు నిషిద్ధములయ్యెను. బధిరులైన ఉపాధ్యాయులకు ఉద్యోగములు పోయెను.

విద్యార్థులారా! ప, బ, మ అను అక్షరములను అద్దమునెదుట నిలిచి పలికి చూడుడు. పెదవులు మూడింటికి ఒకే తీరున కదలును. చెవి వినబడనివాడు పెదవులనుమాత్రమే నమ్ముకొన్నచో నెంత తికమకపడునో మీకే తెలియగలదు. ఎడ్వర్డు నోటిమాటకు విరోధి కాడు. 1867లో ఐరోపా పాఠశాలలను చూచివచ్చి, పలుకగల పిల్లలకు పలుకుటయు నేర్పవలెనని తానే చెప్పెను. అయితే సంజ్ఞలను తీసివేసి కాదు.

ఈ విషయమున ఆయన కెదురు నిలిచినవాడు సామాన్యుడు కాడు. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్! బెల్ తల్లికిని చెవులు వినబడవు, భార్యకును వినబడవు. ఇద్దఱును చెవిటితల్లుల బిడ్డలే. ఇద్దఱును బధిరుల మేలు కోరినవారే. అయినను వారి త్రోవలు కలియలేదు. 1891లో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చు శాఖను తెఱచుటకు ఎడ్వర్డు ధనసహాయము కోరగా, బధిరులు ఉపాధ్యాయులైనచో నోటిమాటల బోధ వెనుకబడునని బెల్ కాంగ్రెసు నెదుట అభ్యంతరము తెలిపెను. శాఖ తెఱవబడెనుగాని అందులో వినగలవారినే చేర్చుకొనిరి. తాను పెంచిన విద్యార్థులకే ఆ తలుపు మూయుటకు ఎడ్వర్డు సమ్మతించుట ఆయన జీవితమున నొక లోపమని చెప్పక తప్పదు.

1887లో కళాశాలలో యువతులను చేర్చుకొనిరి. 1894లో, పూర్వవిద్యార్థుల కోరికమేరకు, కళాశాలకు గాలడెట్ అను పేరు పెట్టిరి. ఆ పేరు ఎడ్వర్డుది కాదు; ఆయన తండ్రిది. నలువదియాఱేండ్లు అధ్యక్షత వహించి ఎడ్వర్డు 1910లో విరమించెను. 1917 సెప్టెంబరు 26వ తేదీన, తాను పుట్టిన హార్ట్‌ఫర్డ్ నగరముననే కన్నుమూసెను.

ఆ కళాశాల 1986లో విశ్వవిద్యాలయమయ్యెను. కాని యెన్నడును బధిరుడు దాని కధ్యక్షుడు కాలేదు. 1988 మార్చిలో పాలకమండలి మఱల వినగల వ్యక్తినే ఎన్నుకొనగా, విద్యార్థులు ద్వారములు మూసి, చేతులెత్తి తమ భాషలోనే నిరసన తెలిపిరి. వారము తిరుగకమున్నే మండలి తన నిర్ణయమును మార్చుకొనెను. ఐ. కింగ్ జోర్డాన్ అను బధిరుడు ఎడ్వర్డు కూర్చుండిన పీఠము నధిష్ఠించెను.