నెత్తుటి నీలివర్ణము: యల్లాప్రగడ సుబ్బారావుగారు

మూత్రపిండముల వ్యాధి తొలిదశలో సాధారణముగా నొప్పి పెట్టదు. అదియే దాని మోసము. చండ్రుగొండ వంటి యడవియంచు గ్రామమున సేద్యగాడు పాదములు వాచి, మొగము ఉబ్బినగాని వైద్యుని వెదకడు. అప్పటికి మూత్రపిండముల శక్తి చాలవరకు నశించియుండును. లోపలి సంగతిని ముందుగా తెలుపునవి నెత్తురును, మూత్రమును. వానిని పలికించిన శాస్త్రజ్ఞులలో నొక తెలుగువాడు కలడని ఎందరెరుగుదురో మాకు సందేహమే.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందుకు శస్త్రవైద్యాచార్యుని యాగ్రహమునకు గురియైరి, ఎం.బి.బి.యస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.యస్. మాత్రమే దక్కినది. 1922లో బోస్టను చేరి, పిదప హార్వర్డు జీవరసాయన శాఖలో ప్రవేశించిరి. శాఖాధిపతి ఆటో ఫోలిన్. మూత్రములోని క్రియాటినినును రంగునుబట్టి కొలుచు పద్ధతిని 1904లోనే వెలువరించిన ఘనుడాయన.

అచట సైరస్ ఫిస్కుతో కూడి సుబ్బారావుగారు నెత్తుటిలోను, మూత్రములోను భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. నెత్తుటినుండి మాంసకృత్తులను తొలగించి, మిగిలిన ద్రవమునకు మాలిబ్డేటును, వెనుక మరియొక రసాయనమును కలుపుదురు. నీలివర్ణము పుట్టును. భాస్వర మెంత హెచ్చినదో నీలమంత చిక్కనగును. పరిమాణము తెలిసిన ద్రవముతో పోల్చి లెక్క కట్టుటయే తరువాయి.

మనము తిను పప్పులో, పాలలో, మాంసములో భాస్వరము గలదు. శరీరమునకు అక్కరలేనిదానిని మూత్రపిండములు వెడలనంపును. పెద్దవారికి నూరు మిల్లీలీటర్ల రక్తద్రవమున సుమారు 2.5 మొదలు 4.5 మిల్లీగ్రాములుండుట సహజము. వ్యాధి ముదిరిన నది నెత్తుటిలో నిలిచిపోవును. ఎముకలు చెడును, రక్తనాళములు గట్టిపడును. అయితే తొలిదశను పట్టుటకు ఇది చాలదు. అందుకు మూత్రమున ఆల్బుమినును, నెత్తుటిలో క్రియాటినినును చూడవలెను. దోషము మూడు నెలలు నిలిచిననే దీర్ఘవ్యాధి యందురు. మధుమేహము, రక్తపోటు గలవారు ఏటేట నీ పరీక్షలు చేయించుకొనక కాలువాపుకై కాచుకొనుట తగదు.

ఆ కొలమానమే సుబ్బారావుగారికి తరువాతి దారియు చూపినది. కండరములకు శక్తినిచ్చు భాస్వర పదార్థములను ఫిస్కుతో కలిసి 1927లోను, 1929లోను వెల్లడించిరి. 1940లో లెడర్లీ సంస్థలో చేరిన పిదప ఫోలికామ్లము, బోదకాలునకు హెట్రజాను ఆయన పర్యవేక్షణలోనే వెలువడినవి. ఔషధములను తలచువారు కొలమానమును మరచుట న్యాయముగాదని మా యభిప్రాయము.

భార్యను స్వదేశమున విడిచి ఓడ యెక్కిన యాయన మరల రాలేదు. 1948 ఆగస్టులో న్యూయార్కు రాష్ట్రమున, 53 ఏండ్ల వయసున, నిద్రలోనే గతించిరి.