భీమవరం నుంచి పంటి వేరు దాకా: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పన్ను నొప్పి సంగతి పడ్డవాళ్లకే తెలుస్తుంది. మన ఊళ్లలో అమ్మమ్మలు ఒక లవంగం ఇచ్చి నొప్పి ఉన్నచోట పెట్టుకోమనేవారు. అప్పటికీ తగ్గకపోతే పన్ను పీకించేసేవారు. ఇక్కడ సన్నీబ్యాంక్‌లో అయితే డెంటిస్టు ఎక్స్‌రే తీసి, పన్ను పీకనక్కర లేదు, రూట్ కెనాల్ చేద్దాం అంటారు. పిల్లలూ, మీ అమ్మకో నాన్నకో ఎప్పుడో ఒకప్పుడు ఇది జరిగే ఉంటుంది.

ఈ రూట్ కెనాల్‌కీ, పశ్చిమ గోదావరిలోని భీమవరానికీ ఒక చుట్టరికం ఉంది. ఆ చుట్టరికం కలిపిన మనిషి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన పళ్ల డాక్టరు కాదు. తన పని ఒకరోజు ఆస్ట్రేలియాలో పంటి వేర్ల దాకా చేరుతుందని ఆయనకు తెలిసే అవకాశం కూడా లేదు. పెద్దవాళ్లలో చాలామంది ఆయన పేరు విన్నారు, కథ మాత్రం సగమే విన్నారు. అందుకే ఈ ఏడాది సావనీర్‌లో ఆయన గురించి చెబుదామనుకున్నాం.

పంటి లోపల ఏముంది?

ముందు పన్ను సంగతి చూద్దాం. పన్ను పైకి రాయిలా కనిపిస్తుంది కానీ దాని మధ్యలో మెత్తటి గుజ్జు ఉంటుంది. అందులో రక్తనాళాలు, నరాలు ఉంటాయి. ఆ గుజ్జు పంటి వేరు లోపల సన్నటి కాలువల్లో చివరిదాకా సాగుతుంది. పిప్పి లోతుగా దిగితే సూక్ష్మజీవులు ఈ గుజ్జును పట్టుకుంటాయి. పాడైన గుజ్జును తీసి, కాలువలను శుభ్రం చేసి, మూసేయడమే రూట్ కెనాల్ వైద్యం.

ఇది వినడానికి తేలికే. కానీ ఆ కాలువలు నీళ్ల పైపుల్లా నున్నగా, తిన్నగా ఉండవు. వాల్టర్ హెస్ అనే స్విట్జర్లాండ్ దంతవైద్యుడు ఊడిన పళ్ల కాలువల్లోకి రబ్బరు ఎక్కించి, గట్టిపడ్డాక చుట్టూ ఉన్న పన్నును కరిగించి, లోపలి ఆకారాన్ని బయటికి తీశారు. 1917లో, మళ్లీ ఇంగ్లీషులో 1925లో వచ్చిన ఆయన పరిశోధన అందరినీ ఆశ్చర్యపరిచింది. కాలువలు గోదావరి డెల్టాలో పంట కాలువల్లా చీలిపోయి, మళ్లీ కలిసి, పక్క పాయలు వేసి ఉన్నాయి. పై దవడలో మొదటి పెద్ద దవడ పన్నుకు వేర్లు మూడే అయినా కాలువలు చాలామందిలో నాలుగుంటాయి. డాక్టరు చేతిలోని సన్నటి ఫైలు కాలువ గోడల్లో అన్ని చోట్లకూ చేరదని ఆ తర్వాత స్కానింగ్ పరిశోధనలు కూడా చూపించాయి. పనిముట్టు వెళ్లలేని మూలలకు మందు వెళ్లాలి. మన కథలో ఆ మందు చివర్లో వస్తుంది. ఈలోగా భీమవరం వెళదాం.

మూడోసారి పాసైన మెట్రిక్

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. పదమూడేళ్ల వయసులో కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోతే, తల్లి వెనక్కి రప్పించారని చెబుతారు. చదువూ అంతంతమాత్రమే. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో పాసయ్యారు. పిల్లలూ, మాథ్స్ టెస్టులో మార్కులు తగ్గినప్పుడు ఈ వాక్యం గుర్తు చేసుకోండి. అమ్మానాన్నలు కూడా గుర్తు చేసుకుంటే మరీ మంచిది.

తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరి గారితో పెళ్లయింది. చదువు ఖర్చుకు మామగారు సాయం చేశారు. అవి గాంధీ గారు విదేశీ బట్ట మానమని పిలుపు ఇచ్చిన రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదికి ఖద్దరు కోటు వేసుకుని వెళ్లారు. అది సర్జరీ ప్రొఫెసరు గారికి నచ్చలేదు. చివరకు ఎం.బి.బి.ఎస్. డిగ్రీ చేతికి రాలేదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టుతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఒక కోటు ఖరీదు ఒక డిగ్రీ అయింది.

ఇద్దరు అన్నదమ్ములు

ఇంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములు చనిపోయారు. ఈ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, నాలుక ఎర్రగా పూసి ఏమీ తినలేని స్థితి వస్తుంది. అప్పట్లో దీనికి సరైన మందు లేదు. సుబ్బారావు గారికీ అదే జబ్బు వచ్చింది కానీ ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో బతికి బయటపడ్డారు. ఆ తర్వాత మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పారు. తన అన్నదమ్ములను చంపినదేమిటో, తనను బతికించినదేమిటో తెలుసుకోవాలన్న పట్టుదల ఆయనలో అప్పుడే పడిందని మేము అనుకుంటాం.

బోస్టన్ ప్రయాణం

1920ల తొలినాళ్లలో ఆయన హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు కోసం అమెరికా బయల్దేరారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు కలిసి డబ్బు సర్దారు. చేతిలో ఉన్నది ఎన్నో రోజులకు సరిపోయేది కాదు. రాత్రిపూట ఒక ఆసుపత్రిలో పోర్టరుగా చేరి, రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి, పగలు చదువుకున్నారు. డాక్టరు చదివినవాడు ఆ పని చేయడం చిన్నతనం అనుకోలేదు.

చదువు కాగానే తిరిగి వద్దామనే వెళ్లారు. మనలో చాలామందిమి కూడా రెండు మూడేళ్లు ఉండి వెళ్లిపోదామనే కదా వచ్చాం! ఆయన మళ్లీ ఇంటి మొహం చూడలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. ఆ బిడ్డను తండ్రి ఎప్పుడూ చూడలేదు. శేషగిరి గారు ఇక్కడ ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఈ సంగతిని దాటేసి ఆయన్ను పొగడడం మాకు సరిగా అనిపించలేదు. ప్రపంచానికి ఆయన ఇచ్చినదానికి ధర కట్టింది ఆయన ఒక్కరే కాదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే గారితో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టి 1925లో ప్రచురించారు. ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతి అంటే బయోకెమిస్ట్రీ చదివినవాళ్లకు తెలుస్తుంది. పళ్లతో మొదటి చుట్టరికం ఇక్కడే. పంటి పైనున్న ఎనామెల్ ముఖ్యంగా కాల్షియం ఫాస్ఫేటే. ఎనామెల్ ఆమ్లంలో ఎంత కరిగిందో కొలవాల్సి వచ్చినప్పుడు దంత పరిశోధకులు కూడా ఈ పద్ధతిని వాడుకున్నారు. ఆ తర్వాత కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. సంగతులు ఈ ఇద్దరూ బయటపెట్టారు. ఏ.టి.పి.ని అదే సమయంలో జర్మనీలో లోమాన్ కూడా కనుగొన్నారు. మీరు పరిగెత్తినా, ఈ పేజీ చదువుతున్నా ఒంట్లో ఖర్చయ్యే శక్తి ఆ ఏ.టి.పి.దే. 1930లో పి.హెచ్.డి. వచ్చింది కానీ హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు.

లెడర్లీ రోజులు

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో చేరారు. కొద్ది కాలానికే అక్కడి పరిశోధనలకు డైరెక్టరు అయ్యారు. ఆ ఎనిమిదేళ్లలో జరిగిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగుల మీద వాడి చూస్తే వాళ్లు కోలుకున్నారు. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు ఆ జబ్బుకు మందు ఆయన ప్రయోగశాలలోంచే వచ్చింది. ఆ మందు ఇప్పుడు మన వంటింట్లోనూ ఉంది. గర్భంలోని బిడ్డ వెన్నుపాము సరిగా ఏర్పడడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం కాబట్టి, ఆస్ట్రేలియాలో 2009 సెప్టెంబరు నుంచి బ్రెడ్డు చేసే గోధుమ పిండిలో దీన్ని కలపడం తప్పనిసరి చేశారు.

ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమినాప్టెరిన్ కూడా ఆ ప్రయోగశాలదే. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చి, జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గుతుందని 1948లో చూపించారు. దాని తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ వాడుతున్నారు.

బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్ 1947లో వచ్చింది. గోదావరి జిల్లాల్లో బోదకాలు చూడని పెద్దవాళ్లు ఉండరు. ఇక్కడో విశేషం ఉంది. ఆ జబ్బు తెచ్చే పెద్ద పురుగును 1876లో మొదట చూసింది మన బ్రిస్బేన్‌లో డాక్టర్ జోసెఫ్ బాంక్రాఫ్ట్. ఆ పురుగు శాస్త్రీయ నామంలో ఆయన పేరు ఉంది. పురుగును పట్టుకున్నది మనం ఇప్పుడుంటున్న ఊరు, మందు చేసిన బృందాన్ని నడిపింది మనం వదిలి వచ్చిన ఊరి మనిషి!

పంటి వేరులోకి

ఇప్పుడు మన మందు దగ్గరికి వద్దాం. లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త ఉండేవారు. యూనివర్సిటీలో రిటైరయ్యాక, డెబ్భై దాటిన వయసులో ఇక్కడ చేరారు. రకరకాల చోట్ల మట్టి తెప్పించి, అందులోని సూక్ష్మజీవులను పెంచి, జబ్బు క్రిములను చంపే గుణం దేనికుందో వెతకడం ఆయన పని. మిస్సోరీ రాష్ట్రంలోని ఒక పొలం మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. దాన్నుంచి వచ్చిందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఇదే మొదటి మందు. కనుగొన్నది డగ్గర్, ఆ పరిశోధన మొత్తాన్ని నడిపించింది సుబ్బారావు గారు. 1948 జులైలో న్యూయార్క్‌లో దీన్ని ప్రకటించారు. పేరు కోసం ముందుకు రావడం, ఫోటోల్లో నిలబడడం సుబ్బారావు గారికి అలవాటు లేదు. సహచరుల పేర్లే ముందుంచేవారు.

ఆ మరుసటి నెలలోనే, 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. 1946లో చట్టం మారి భారతీయులకు అమెరికా పౌరసత్వం తీసుకునే వీలు వచ్చినా ఆయన భారతీయుడిగానే పోయారు.

పని మాత్రం ఆగలేదు. ఆ బంగారు సూక్ష్మజీవి సంతతి నుంచే 1957లో లెడర్లీవారు డెమెక్లోసైక్లిన్ అనే మందు తీశారు. 1960ల తొలినాళ్లలో స్విట్జర్లాండ్‌కు చెందిన ష్రోడర్, ట్రియడాన్ అనే ఇద్దరు దీన్ని ఒక స్టెరాయిడ్‌తో కలిపి, పంటి కాలువల్లో పెట్టే పేస్టు తయారుచేశారు. దాని పేరు లెడర్‌మిక్స్. పేరులోనే లెడర్లీ ఉంది. స్టెరాయిడ్ వాపును, నొప్పిని తగ్గిస్తుంది, యాంటీబయాటిక్ క్రిముల మీద పనిచేస్తుంది. ఆస్ట్రేలియా దంతవైద్యులు దీన్ని దశాబ్దాలపాటు విరివిగా వాడారు. ఈ పేస్టులోని మందులు పంటి వేరు గోడల్లోంచి ఎలా ఇంకుతాయో 1988లో కొలిచి చూపించినవాళ్లు కూడా ఆస్ట్రేలియా పరిశోధకులే: ఆబట్, హిదర్సే, హ్యూమ్.

నాణేనికి రెండో వైపు కూడా చెప్పాలి. టెట్రాసైక్లిన్ మందులు కాల్షియాన్ని పట్టుకుంటాయి. పళ్లు తయారయ్యే వయసులో పిల్లలకు ఇస్తే పళ్లకు శాశ్వతంగా పసుపు, గోధుమ రంగు మరకలు పడతాయి. ఈ సంగతి మందు వచ్చిన కొన్నేళ్లకు గానీ తెలియలేదు. అందుకే ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు వీటిని సాధారణంగా ఇవ్వరు. లెడర్‌మిక్స్ వల్ల కూడా పన్ను రంగు మారే ప్రమాదం ఉందని తేలాక, కాలువల్లో వేరే మందులు పెట్టడం పెరిగింది. ఒక మందు మేలూ కీడూ తేలడానికి ఒక్కోసారి ఒక తరం పడుతుంది.

పిల్లలూ, సుబ్బారావు గారికి నోబెల్ బహుమతి రాలేదు. 1995లో, పుట్టిన నూరేళ్లకు, భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో ఒక తపాలా బిళ్ల వేసింది. ఈసారి ఇండియా వెళ్లినప్పుడు భీమవరం మీదుగా వెళితే, ఆయన ఎవరో తాతయ్యనూ అమ్మమ్మనూ అడగండి. వాళ్లకు తెలియకపోతే మీరే చెప్పండి, తెలుగులోనే సుమా! ఇక్కడ ఇంట్లో అయితే రేపు పొద్దున బ్రెడ్డు ప్యాకెట్టు తిప్పి చూడండి, ఫోలిక్ ఆమ్లం అనో ఫోలేట్ అనో కనిపిస్తుందేమో. ఆ ముక్క వెనక పోయిన ఇద్దరు అన్నదమ్ములు, తిరిగి రాని ఒక మనిషి, ఆయన కోసం ఎదురుచూసిన ఒక ఇల్లాలు ఉన్నారని గుర్తుంచుకోండి.

అన్నట్టు, పడుకోబోయే ముందు పళ్లు తోముకోవడం మరిచిపోకండి. రూట్ కెనాల్ అవసరం రాకుండా చూసుకోవడమే అన్నిటికన్నా మంచి వైద్యం.