తనయుడి చేతికి కెమెరా అందించిన రఘుపతి వెంకయ్య

మచిలీపట్నం: జీవనాధారమైన ఫొటో స్టూడియోను తాకట్టు పెట్టి బొమ్మలాడించే యంత్రం కొనడమంటే 1910లో చిన్న సాహసం కాదు. 1869 అక్టోబరు 15న మచిలీపట్నంలో జన్మించి, మద్రాసులో ఛాయాచిత్రకారుడిగా స్థిరపడిన రఘుపతి వెంకయ్య ఆ సాహసానికి ఒడిగట్టారు. బొమ్మతోపాటు శబ్దాన్నీ వినిపించే క్రోనోమెగాఫోన్‌తో ఊరూరా తిరిగి, బర్మా, సింహళాల్లోనూ ప్రదర్శనలిచ్చారు. 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్‌ను నిర్మించారు. చిత్రనిర్మాణంలో మెలకువలు నేర్చుకునేందుకు కుమారుడు ప్రకాష్‌ను విదేశాలకు పంపారు. అతడు తిరిగొచ్చాక తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థను నెలకొల్పి, 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' మూకీని నిర్మించారు. దర్శకుడు ప్రకాషే. తండ్రి కోసం తనయుడు చేసిన త్యాగం ఆ చిత్ర కథ. తెర వెనుక మాత్రం తనయుడి కోసం తపించినది తండ్రి. వెంకయ్య 1941 మార్చి 15న కన్నుమూశారు. 1980లో రాష్ట్ర ప్రభుత్వం ఆయన పేరిట పురస్కారాన్ని నెలకొల్పింది.