పరపతి సంఘ స్థాపకుడు రైఫైజన్ మహాశయుడు

నేడు తెలుగునాట పల్లెపల్లెను స్త్రీలు పదుగురు గూడి, పొదుపు చేసి, ఒకరికొకరు పూచీపడి అప్పు తెచ్చుకొనుచున్నారు. ఈ మార్గమును తొలుత ద్రొక్కిన మహనీయులలో జర్మనీ దేశస్థుడగు ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజన్ అగ్రగణ్యుడు.

ఆయన 1818 మార్చి 30 వ తేదీన హామ్ అను గ్రామమున జన్మించెను. తొమ్మండుగురు సంతానములో ఏడవవాడు. తండ్రి వ్యాధిగ్రస్తుడగుటచే సంసారభారము తల్లిపై బడెను. యౌవనమున సైన్యమునం జేరెను గాని, నేత్రవ్యాధిచే 1843 లో ఆ కొలువు విడువవలసి వచ్చెను. 1845 లో వైయర్‌బుష్ అనుచోట కొన్ని పల్లెలకు అధికారి యయ్యెను.

1846-47 శీతకాలమున ఘోరమైన కరవు వచ్చెను. ప్రభుత్వము పంపిన పిండిని రొక్కమునకే యీయవలెనని నిబంధన. కాసు లేనివానికి ఆ పిండి ఎండమావియే గదా! రైఫైజన్ సంపన్నులచే చందాలు వేయించి, పేదలకు అరువుపై పిండి నిప్పించి, రొట్టెల కొలిమి కట్టించెను. 1849 లో ఫ్లామర్స్‌ఫెల్డ్‌నందు సంఘమును స్థాపించి, రైతులకు పశువులను గొనియిచ్చి, వాయిదాలపై సొమ్ము రాబట్టెను.

అయితే ధనికుల దయపై నిలిచిన సంఘము చిరకాలము నిలువదని అనుభవమున దెలిసికొనెను. అందుచే 1864 లో హెడ్డెస్‌డార్ఫ్‌నందు అప్పు గొనువారే సభ్యులుగా పరపతి సంఘము నేర్పరచెను. ఒకరినొకరు ఎరిగిన చిన్న ప్రాంతమే సంఘపు పరిధి. బాకీకి అందఱును బాధ్యులు. ఉపయోగకరమైన పనికే అప్పు. లాభము పంచుకొనక నిధిగా నిలువజేయుట. ఆస్తి లేనివానికి ఇరుగుపొరుగుల నమ్మకమే తాకట్టయ్యెను.

1863 లో భార్య గతించెను. చూపు నానాటికి క్షీణించెను. అప్పుడు పెద్దకుమార్తె అమాలియా తండ్రికి కన్నులై, ఉత్తరములు చదివి, వ్రాసి, సంఘకార్యములు నడపెను. 1866 లో ఆయన గ్రంథము వెలువడెను. భార్య యాస్తిపై పెత్తనము భర్తదే యని చట్టము చెప్పిన కాలమది. ఆ మహోద్యమమును మోసిన చేతులలో ఒక స్త్రీ చేతులుండుట మరువరానిది.

1888 మార్చి 11 వ తేదీన రైఫైజన్ దివంగతుడయ్యెను. పిమ్మట మద్రాసు ప్రభుత్వపక్షమున ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897 లలో నివేదికలు వ్రాసి ఆ పద్ధతిని ప్రశంసించెను. 1904 లో సహకార పరపతి చట్టము వచ్చెను. నాటి సంఘములలో అప్పు ప్రాయికముగా పట్టా గల పురుషునికే దక్కెను. 1982 లో డ్వాక్రా పథకమును, 1992 లో నాబార్డు వారి బ్యాంకు అనుసంధానమును వచ్చిన తరువాతనే పట్టా లేని స్త్రీకిని ఆ ద్వారము తెఱవబడెను. గడప దాటని ఇల్లాలు బ్యాంకునకు బోయి తన పేర సంతకము చేయజొచ్చెను.

కాని పేరు ఆమెది, సొమ్ము మఱియొకరిది యైనచో ఫలమేమి? పొదుపును, పరస్పర విశ్వాసమును విడిచి, అప్పు నమ్మకమే వ్యాపారముగా జేసికొన్న ప్రైవేటు సంస్థల ఒత్తిడి మితిమీరగా, 2010 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వానిని కట్టడి చేయుచు చట్టము చేయవలసి వచ్చెను. అప్పు నిచ్చెన వంటిది. ఎక్కువారి యడుగు దృఢముగా నుండవలెను. సంఘపు పద్దు తానే వ్రాసి, తానే చదివి, తానే ప్రశ్నింపగల స్త్రీయే ఆ నిచ్చెన నెక్కగలదు. రైఫైజన్ జీవితము బోధించు నీతి యిదియే.