మైదానంలోనూ, తరగతిలోనూ ముందు వరుస: పాల్ రోబ్సన్

ఆటల్లో పడితే చదువు పోతుందని ఇంట్లో పెద్దలు అంటారు. ఎప్పుడూ పుస్తకమేనా అని పి.ఇ.టి. సారు కోప్పడతారు. ఈ రెండింటినీ చేతపట్టి గెలిచిన మహనీయుడు అమెరికా నల్లజాతి ముద్దుబిడ్డ పాల్ రోబ్సన్.

ఆయన 1898 ఏప్రిల్ 9న న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్రిన్స్‌టన్‌లో జన్మించారు. తండ్రి విలియం పుట్టుకతో బానిస. పదిహేనేళ్ల వయసులో తప్పించుకుని పారిపోయి, లింకన్ విశ్వవిద్యాలయంలో చదివి, చర్చి పాస్టరు అయ్యారు. పాల్‌కు ఆరేళ్లప్పుడు తల్లి నిప్పంటుకుని మరణించారు. తండ్రే తల్లి కూడా అయి పెంచారు.

1915లో రాష్ట్రస్థాయి పోటీ పరీక్షలో నెగ్గి, స్కాలర్‌షిప్‌తో రట్గర్స్ కళాశాలలో చేరారు. ఆ కళాశాల చరిత్రలో ఆయన మూడో నల్లజాతి విద్యార్థి మాత్రమే. అక్కడి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. బంతిని చేత పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు, ఎదుటివాణ్ణి గుద్ది పడేస్తారు. జట్టులో చేరడానికి వెళ్లిన రోజే తోటి తెల్ల విద్యార్థులు ఆయన ముక్కు పగలగొట్టారు, భుజం కీలు తప్పించారు. కోలుకుని మళ్లీ వెళ్లారు. ఒకడు బూటుతో చేతిని తొక్కాడు. అయినా మైదానం వదల్లేదు, స్థానం సంపాదించారు.

1916లో మరో అవమానం. నల్లవాడు ఆడితే మేము ఆడమని దక్షిణాది జట్టు ఒకటి పట్టుబట్టింది. కళాశాల లొంగిపోయి ఆయన్ను పక్కన కూర్చోబెట్టింది. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఆ రోజు ఏం చేయగలడు? కానీ 1917, 1918లలో దేశంలోని అత్యుత్తమ ఆటగాళ్ల జాబితాలో ఆయన పేరు చేరింది. ఫుట్‌బాల్‌తో పాటు బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, అథ్లెటిక్స్ ఆడుతూనే, మేటి విద్యార్థులకు మాత్రమే దక్కే ఫై బీటా కప్పా సభ్యత్వం పొందారు. 1919 పట్టభద్రుల తరఫున వీడ్కోలు ప్రసంగం చేసింది ఆయనే.

తర్వాత కొలంబియాలో లా చదివారు. ఫీజుల కోసం సెలవు రోజుల్లో వృత్తి జట్లకు ఆడారు. తండ్రి చదివిన లింకన్ విశ్వవిద్యాలయంలోనే ఫుట్‌బాల్ జట్టుకు సహాయ కోచ్‌గా పనిచేశారు. తాను దెబ్బలు తిని నేర్చుకున్న ఆటను నల్లజాతి పిల్లలకు ఆప్యాయంగా నేర్పే అవకాశం అది. 1923లో లా పట్టా వచ్చింది. కానీ ఆఫీసులో ఒక తెల్ల స్టెనో నల్లవాడు చెబితే రాయనంది. ఆయన ఆ ఉద్యోగం వదిలేశారు. ఈసారి పక్కన కూర్చోలేదు, తానే లేచి వచ్చేశారు.

అక్కడి నుంచి రంగస్థలం, పాట. ఒథెల్లో పాత్రతో 1943లో న్యూయార్క్‌ను ఉర్రూతలూగించారు. అదే ఏడాది బేస్‌బాల్ పెద్దలను కలిసి నల్లజాతి ఆటగాళ్లకు తలుపులు తెరవాలని వాదించారు. 1947లో జాకీ రాబిన్సన్ రాకతో ఆ తలుపు తెరుచుకుంది. మన భూపేన్ హజారికా కూడా ఆయన పాట నుంచి ప్రేరణ పొందినవారే.

నిజం మాట్లాడినందుకు 1950లో ప్రభుత్వం పాస్‌పోర్టు లాక్కుంది. 1958 దాకా తిరిగివ్వలేదు. 1957లో ఆయన అమెరికా నుంచే టెలిఫోన్ ద్వారా లండన్ శ్రోతలకు పాడారు! 1976 జనవరి 23న కన్నుమూశారు. కళాశాల ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేరింది 1995లో, చనిపోయిన పంతొమ్మిదేళ్లకు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మీలో చాలామందీ అంతే. ప్రతిభ ఉంటే చాలు, లోకం గౌరవిస్తుందని నేను చెప్పను. రోబ్సన్‌కు అంత ప్రతిభ ఉన్నా గౌరవం దానంతటదే రాలేదు. కానీ చదువు, ఆట ఆయనకు ఒక ధైర్యాన్నిచ్చాయి. కూర్చోమన్న చోట కూర్చోకుండా లేచి నిలబడే ధైర్యమది. మనం హాస్టల్ నుంచి తీసుకుపోవాల్సింది సర్టిఫికెట్‌తో పాటు ఆ ధైర్యాన్ని కూడా.