తొలి అభ్యర్థిని - కమలాదేవి చటోపాధ్యాయ

కమలాదేవి 1903 ఏప్రిల్ 3వ తేదీన మంగళూరులో జన్మించారు. తండ్రి అనంతయ్య ధారేశ్వర్ ఉన్నత ప్రభుత్వోద్యోగి. తల్లి గిరిజాబాయి విద్యావంతురాలు, ఆత్మాభిమానం గల ఇల్లాలు. కమలాదేవికి ఏడేండ్ల ప్రాయంలో పితృవియోగం సంభవించింది. తండ్రి వీలునామా వ్రాయలేదు. నాటి చట్టాన్ని అనుసరించి ఆస్తి యావత్తూ ఆయన మొదటి భార్య కుమారునికి సంక్రమించింది. గిరిజాబాయికి దక్కింది నెలసరి భరణం మాత్రమే. ఆ భరణాన్ని ఆమె తిరస్కరించి, తన స్త్రీధనంతోనే బిడ్డను పెంచింది. స్త్రీల బ్రతుకులను శాసించే చట్టాలు స్త్రీలు లేని సభలలో రూపొందుతున్నాయన్న సత్యం కమలాదేవికి బాల్యంలోనే అనుభవానికి వచ్చింది.

పదునాలుగవ ఏట వివాహమై, రెండేండ్లకే ఆమె వితంతువయ్యారు. అయినా తల్లి ప్రోత్సాహంతో చదువు సాగించి, మద్రాసు క్వీన్ మేరీస్ కళాశాలలో చేరారు. హైదరాబాదులో పుట్టి పెరిగిన కవి, సరోజినీ నాయుడు సోదరుడు అయిన హరీంద్రనాథ్ చటోపాధ్యాయను సంఘం ఆక్షేపణలను లెక్కచేయక వివాహమాడారు. వారికి రామకృష్ణ అనే కుమారుడు కలిగాడు.

ఆ కాలంలో నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉండేవి. ఆ రాష్ట్ర శాసనమండలి 1921లో స్త్రీలకు ఓటుహక్కు ప్రసాదించింది. అయితే ఆస్తి ఉన్నవారికే ఓటు కనుక, ఆ హక్కు కొద్దిమంది స్త్రీలకే దక్కింది. అభ్యర్థులుగా నిలబడే అవకాశం 1926లో గాని లభించలేదు. అవకాశం లభించినా ముందుకు వచ్చే స్త్రీ ఏదీ? పసిబిడ్డ తల్లి ఇల్లు విడిచి ఊరూరా తిరిగి ఓట్లు అడగడాన్ని సంఘం హర్షించే రోజులు కావవి.

అట్టి సమయంలో కమలాదేవికి అండగా నిలిచిన వ్యక్తి మార్గరెట్ కజిన్స్. ఐర్లండు దేశీయురాలైన ఈమె, భర్త మదనపల్లె కళాశాలలో పనిచేసినందున తెలుగునాటికి సుపరిచితురాలు. మహిళల ఓటుహక్కు కోసం పాటుపడిన కజిన్స్, ఇరువది మూడేండ్ల కమలాదేవిని పోటీకి ఒప్పించి, ధైర్యం చెప్పింది. ప్రచారానికి కొద్దిరోజుల గడువే మిగిలింది. వెనుక ధనబలం లేదు. అయినను కమలాదేవి వెనుదీయలేదు. ఫలితాలు వెలువడినప్పుడు ఆమె కేవలం 55 ఓట్ల తేడాతో ఓడిపోయారు. భారతదేశంలో చట్టసభకు పోటీ చేసిన తొలి మహిళగా మాత్రం చరిత్రలో నిలిచిపోయారు.

కమలాదేవి చేరలేకపోయిన ఆ సభలోనే మరొక తల్లి అడుగుపెట్టింది. ఇద్దరు కుమారుల తల్లియైన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి శాసనమండలికి నియమితురాలై, 1927లో ఉపాధ్యక్షురాలిగా ఎన్నికైంది. దేవదాసీ వ్యవస్థ నిర్మూలనకు ఆ సభలోనే కృషి చేసింది. తల్లులు చట్టసభలో ఉంటే ఎట్టి ప్రశ్నలు చర్చకు వస్తాయో దీనివలన లోకానికి తెలిసింది.

ఓటమి కమలాదేవిని కుంగదీయలేదు. 1927లో ఏర్పడిన అఖిల భారత మహిళా సభకు ఆమె కార్యదర్శిగా పనిచేసి, స్త్రీవిద్యకు, వివాహచట్టాల సంస్కరణకు కృషి చేశారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో స్త్రీలకు కూడా స్థానం కల్పించవలెనని గాంధీజీని ఒప్పించి, తాను ముందు నడిచి కారాగారానికి వెళ్ళారు. స్వాతంత్ర్యానంతరం పదవులను ఆశించక, అఖిల భారత హస్తకళల మండలి ద్వారా చేతివృత్తులకు జీవం పోశారు. మన శ్రీకాళహస్తి కలంకారీ కూడా ఆమె ఆదరణకు నోచుకున్నదే. 1966లో రామన్ మెగసెసే పురస్కారం, 1987లో పద్మవిభూషణ్ ఆమెను వరించాయి. 1988 అక్టోబరు 29న ఆమె కన్నుమూశారు.

1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో మూడవ వంతుకు తగ్గకుండా స్థానాలను మహిళలకు కేటాయించింది. చంటిబిడ్డల తల్లులెందరో నేడు గ్రామ పాలనలో పాలుపంచుకొంటున్నారు. అయితే చట్టం తలుపు తెరువగలదే గాని, చేయిపట్టి లోనికి నడిపించలేదు. అందుకు బిడ్డను చదివించిన గిరిజాబాయి వంటి తల్లి, ధైర్యం చెప్పిన కజిన్స్ వంటి స్నేహితురాలు ఉండాలి. ఇంటిపనిని పంచుకొనే కుటుంబం, ఆదరించే సంఘం కూడా ఉండాలి. కమలాదేవి 55 ఓట్ల ఓటమి నేటి యువతకు బోధించే పాఠం ఇదే.