గుమ్మం దగ్గరి మౌని

నోవై నుంచి ఐ-96 ఎక్కి డెట్రాయిట్ వైపు వెళితే ముప్పావు గంటలో మౌంట్ ఇలియట్ వీధికి చేరుకోవచ్చు. అక్కడ కపుచిన్ సన్యాసుల పాత మఠం ఉంది. పేరు సెయింట్ బొనవెంచర్. ఆ మఠంలో ఒకాయన 1924 నుంచి 1945 దాకా గుమ్మం దగ్గర కూర్చుని, గంట మోగితే తలుపు తీసేవారు. ఆయన ఉద్యోగం అంతే. ఆయన పోయిన 60 ఏళ్లకు, 2017 నవంబరు 18న, ఇదే డెట్రాయిట్‌లోని ఫోర్డ్ ఫీల్డ్ స్టేడియంలో 60 వేల మందికి పైగా జనం కూడగా, క్యాథలిక్ సభ ఆయన్ని 'ధన్యుడు'గా ప్రకటించింది. ఆయనే ఫాదర్ సొలానస్ కేసీ.

వలస వచ్చినవాళ్ల బిడ్డ

అసలు పేరు బెర్నార్డ్. 1870 నవంబరు 25న విస్కాన్సిన్‌లో పుట్టారు. అమ్మానాన్నలు ఐర్లండ్ నుంచి బతకడానికి వచ్చినవాళ్లు. పదహారు మంది పిల్లల్లో ఈయన ఆరోవాడు. చిన్నప్పుడు డిఫ్తీరియా వచ్చి గొంతు పీలగా మారిపోయింది, అది జీవితాంతం అలాగే ఉంది. కుర్రతనంలో చేయని పని లేదు. నదిలో దుంగలు నడిపారు, జైల్లో గార్డుగా చేశారు, సుపీరియర్ పట్టణంలో ట్రాము నడిపారు. ఒకరోజు ఆ పట్టాల మీదే, తాగిన మత్తులో ఒకడు ఒక మహిళను కత్తితో పొడిచిన ఘోరం ఆయన కంటపడింది. ఆ దృశ్యం ఆయన్ని వదల్లేదు. చివరికి గురువు కావాలని మిల్వాకీ సెమినరీలో చేరారు.

అక్కడ అడ్డొచ్చింది భాష. పాఠాలన్నీ జర్మన్‌లో, లాటిన్‌లో. ఇంగ్లిష్ తప్ప తెలియని కుర్రాడికి మార్కులు రాలేదు. పరాయి భాషలో ట్రైనింగ్ తీసుకున్న మనలాంటివాళ్లకు ఆ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. సెమినరీ వాళ్లు ఏదైనా సన్యాస సభలో చేరమన్నారు. 1896 క్రిస్మస్ ముందురోజు మంచులో ప్రయాణం చేసి డెట్రాయిట్ మఠానికి వచ్చారు. అక్కడే సొలానస్ అన్న పేరు పెట్టారు.

సగం లైసెన్సు

కపుచిన్ సభలోనూ చదువు జర్మన్, లాటిన్‌లోనే. పెద్దలకు అనుమానం వచ్చింది. 1901లో ఆయన చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. గురుపట్టం ఇవ్వాలో వద్దో పెద్దలదే నిర్ణయం, ఏదైనా తనకు సమ్మతమే అన్నది దాని సారాంశం. 1904 జులై 24న పట్టం ఇచ్చారు గానీ అది సగం పట్టమే. పూజ చేయొచ్చు, పాపసంకీర్తనం వినకూడదు, సిద్ధాంత ప్రసంగాలు చేయకూడదు. డిప్లొమావాళ్లకు తెలిసిన సంగతే ఇది: సైటంతా మనమే నడిపించవచ్చు, డ్రాయింగు మీద సంతకం మాత్రం వేరేవాళ్లది.

ఆ షరతు 53 ఏళ్లు, చివరిదాకా అలాగే ఉంది. ఎత్తేయమని ఆయన పోరాడలేదు. ఇచ్చిన పని తీసుకున్నారు. న్యూయార్క్ దగ్గర యాంకర్స్‌లో, తర్వాత న్యూయార్క్ నగరంలో, ఆపైన డెట్రాయిట్‌లో గుమ్మం దగ్గరే ఎక్కువ కాలం గడిపారు.

ఊరక ఉండటం అంటే

క్రైస్తవ ధ్యానంలో రెండు మెట్లు చెబుతారు. మొదటిది మన ప్రయత్నంతో చేసేది: చదవడం, తలచడం, అడగడం. రెండోదాంట్లో మన ప్రయత్నం ఆగిపోతుంది. మనసు నిమ్మళించి దేవుడి ముందు ఊరకే ఉంటుంది, ఆ తర్వాత పని ఆయనది. స్పెయిన్‌కు చెందిన అవిలా తెరేసమ్మ 1577లో రాసిన పుస్తకంలో ఈ మెట్లను వివరించారు. మన పని భాషలో చెప్పాలంటే, స్లాబ్ పోసేదాకా మన చేతి పని. గట్టిపడటం మన చేతిలో లేదు. తడుపుతూ కనిపెట్టుకుని ఉండాలి, అంతే.

అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది. అంతా దేవుడే చేస్తాడు, మనం ఏమీ చేయక్కర్లేదు అనే దాకా కొందరు వెళ్లారు. మొలినోస్ అనే స్పానిష్ గురువు బోధల్ని 1687లో పోప్ తప్పుబట్టింది అందుకే. నిశ్చలత వేరు, సోమరితనం వేరు. ఆ తేడా ఏమిటో సొలానస్ జీవితంలో కనబడుతుంది.

రాత్రుళ్లు ఆయన గుడిలో దివ్యసత్ప్రసాదం ముందు ఒంటరిగా ఉండేవారు. తెల్లారి వచ్చిన సన్యాసులకు ఒక్కోసారి అక్కడే నేల మీద నిద్రపోతూ కనబడేవారు. వయొలిన్ కూడా అక్కడే వాయించేవారు. బాగా వాయించేవారు కాదని తోటివాళ్లే చెప్పుకునేవారు. తెల్లవారితే మళ్లీ గుమ్మం. రోగులు, పనిపోయినవాళ్లు, కాపురం చెడినవాళ్లు వరసలో కూర్చునేవారు. గంటల తరబడి వినడమే ఆయన చేసిన పని. ఆయన ప్రార్థనతో జబ్బు నయమైందని చెప్పినవాళ్లు చాలామంది. ఆ వివరాలు రాసి పెట్టమని 1923లో పెద్దలు ఆదేశిస్తే నోటుపుస్తకాలు నిండిపోయాయి. ఆయన సలహా మాత్రం ఒకటే: కోరింది రాకముందే దేవుడికి కృతజ్ఞత చెప్పుకోమనేవారు.

1929లో మహామాంద్యం వచ్చింది. ఆకలితో గుమ్మం తట్టేవాళ్లు పెరిగారు. అప్పుడు మఠంవాళ్లు మొదలుపెట్టిన సూప్ కిచెన్‌లో ఆయన హస్తమూ ఉంది. అది నేటికీ డెట్రాయిట్‌లో అన్నం పెడుతోంది.

చివరి రోజు

ముసలితనంలో బ్రూక్లిన్‌కు, తర్వాత ఇండియానాలోని హంటింగ్టన్‌కు పంపారు. వెళ్లమంటే వెళ్లారు. చర్మవ్యాధితో బాధపడుతుంటే 1956లో వైద్యం కోసం డెట్రాయిట్‌కు తీసుకొచ్చారు. 1957 జులై 31న కన్నుమూశారు. సరిగ్గా 53 ఏళ్ల కిందట అదే రోజున ఆయన తొలి పూజ చేశారు. కడచూపు కోసం వేలాది మంది బారులు తీరారు. తర్వాత పనామా దేశపు మహిళ ఒకరికి ఆయన సమాధి దగ్గర చర్మరోగం నయం కావడాన్ని అద్భుతంగా రోమ్ ఒప్పుకుంది. 'ధన్యుడు' బిరుదుకు అదే ఆధారం.

అద్భుతాల మీద ఎవరి నమ్మకం వారిది. నాకు పెద్దగా అనిపించింది ఆ సగం లైసెన్సే. ఎదుగుదల ఆగిపోయిందని కుమిలేవాళ్లు నోవైలోనూ ఉన్నారు, దుబాయ్ క్యాంపుల్లోనూ ఉన్నారు. హక్కు కోసం అడగాల్సిన చోట అడగాల్సిందే. అడిగాక కూడా మిగిలే ఎదురుచూపు ఒకటుంటుంది, అది మనిషిని లోపల తినేస్తుంది. ఈయన ఆ ఎదురుచూపులోనే స్థిమితంగా కూర్చున్నారు. అందుకే ఎదుటివాడి కష్టం వినే తీరిక ఆయనకు దొరికింది.